ఒక్క కుండకి మూడు దెబ్బలు

హెడ్ గుమాస్తా గుండుసూది తీసి చెవిలో తిప్పుకుంటున్నాడంటే ఆ పూట తీర్పు ఉన్నట్టు గుర్తు. తిప్పుకోవడం అయ్యాక సూదిని ఎదురుగా ఉన్న ఫైలు అట్టకి అటూ ఇటూ రాసి, అదే సూదితో కాగితాలు గుచ్చి, పక్క బల్ల మీదికి తోసేవాడు. పక్క బల్ల టైపక్కది. ఆమె ఆ సూదిని వేళ్ళతో ముట్టేది కాదు. చిన్న గుడ్డముక్కతో పట్టి లాగి, చెత్తబుట్టలో పడేసి, తన డబ్బాలోంచి కొత్త సూది తీసి గుచ్చేది. ముప్ఫై ఒక్కేళ్ళ ఉద్యోగంలో ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. అనడం చేతకాకే కాబోలు, ఆ గుడ్డముక్కని మాత్రం రోజూ ఇంటికి పట్టుకెళ్ళి ఉతికి ఆరేసుకునేది.

టైపక్క అన్నది కోర్టులో అందరూ పిలిచే పిలుపు. బంట్రోతు దగ్గర్నుంచి ప్లీడర్ల దాకా, ఆమెకంటే పదేళ్ళు పెద్దవాళ్ళకి కూడా ఆమె అక్కే. పల్లెటూళ్ళో రెండు గదుల బడిలో చదువుకుంది. ఆ బడి పంతులుగారు అక్షరం తప్పు రాస్తే కొట్టేవారు కాదు. "దేవుడు నీకు పది వేళ్ళిచ్చాడు, ఒక్క అక్షరాన్ని సరిగ్గా నిలబెట్టలేకపోయావా తల్లీ" అని బాధపడేవారు. దెబ్బలైతే మరిచిపోయేదేమో గానీ ఆ బాధని మరవలేకపోయింది. రోజూ పనికి కూర్చునేముందు రెండు అరచేతులూ మీటల మీద ఆనించి, కళ్ళు మూసుకుని, "స్వామీ, ఈ వేళ్ళు నీవి" అనుకునేది. ఆమె కొట్టిన కాగితంలో తప్పు వెతకడమంటే పెరుగులో బొమికలు ఏరడమేనని ప్లీడర్లు నవ్వుకునేవారు. అక్షరం తప్పు పోని చెయ్యి. ఆ మాట తప్ప ఈ లోకంలో ఆమె గర్వంగా చెప్పుకునేది ఇంకేదీ లేదు. ఉద్యోగం ఇంకా పద్నాలుగు నెలలు మిగిలి ఉంది.

ఆ కోర్టులో పని జరిగే పద్ధతి ఇక్కడ చెప్పాలి. తీర్పు మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా జడ్జిగారు చెప్పరు. జరిగిన కథ, సాక్షుల మాటలు, ఏ నేరం రుజువైంది, దానికి ఎన్నేళ్ళు, ఇంతవరకూ చెబుతారు. ఆమె షార్ట్‌హ్యాండ్ పుస్తకంలో గీతలు గీసుకుంటుంది. చివరికి వచ్చేసరికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ "మిగతాది ఎప్పటిలాగే" అంటారు. ఆ మిగతాది కంప్యూటరులో ఒక అచ్చుగా ఉంటుంది. ముద్దాయి పేరు, సెక్షన్లు, ఏళ్ళు మారిస్తే చాలు. ఆ అచ్చుని తయారుచేసి పెట్టింది హెడ్ గుమాస్తా. సమన్లకొక అచ్చు, వారంటుకొక అచ్చు, వాయిదాకొక అచ్చు, ఆయనకి అన్నిటికీ అచ్చులే. అందుకే వెనకాల అందరూ అచ్చయ్య అనేవారు. జడ్జీలు మూడేళ్ళకొకరు మారేవారు, అచ్చులు మారేవి కావు. అద్దెకి దిగిన ఇంట్లో పాతవాళ్ళు వదిలిపోయిన చీపురుతోనే ఊడ్చుకున్నట్టు, పాత జడ్జిగారి "ఎప్పటిలాగే" కొత్త జడ్జిగారికి సంక్రమించేది.

ఒక మంగళవారం పొద్దున నకళ్ళు ఇచ్చే కిటికీ దగ్గరికి ఒకామె వచ్చి నిలబడింది. తాళాలతని భార్య. ఆమెని చూడగానే బంట్రోతు తన స్టూలు తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి వేశాడు. తన గ్లాసుతోనే నీళ్ళిచ్చాడు. ఇవ్వమని ఎవరూ చెప్పలేదు. కిటికీ ముందు నిలబడి కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని అతను చాలామందిని చూశాడు.

తాళాలతను బజారు చివర గొడుగు కింద కూర్చుని తాళాలు బాగుచేసేవాడు. పోయిన తాళంచెవులకి మారు చెవులు చేసేవాడు. ఒకసారి ఒకరింటికి మారు చెవి చేసిచ్చి, ఇంకొకటి తనకోసం చేసుకున్నాడు. ఆ ఇంటివాళ్ళు పెళ్ళికి వెళ్ళిన మధ్యాహ్నం తలుపు తీసుకుని వెళ్ళి కుట్టుమిషను భుజాన వేసుకొచ్చాడు. తొమ్మిది రోజులు అది వాళ్ళింట్లో ఆడింది. పదో రోజు పోలీసులు గుమ్మంలోకి వచ్చేసరికి భార్య పాదం దాని మీదే ఉంది. ఒక్కమాట దాచకుండా ఒప్పుకున్నాడు. పూచీ నిలబడేవాళ్ళు లేక, తీర్పు వచ్చేదాకా రెండేళ్ళ పది నెలలు జైల్లోనే ఉన్నాడు. కిందటి నెల తీర్పు వచ్చింది. ఇంట్లోకి దొంగతనంగా చొరబడినందుకు రెండేళ్ళు, మిషను దొంగిలించినందుకు మూడేళ్ళు, దొంగసొత్తు దగ్గర ఉంచుకున్నందుకు రెండేళ్ళు.

"మూడేళ్ళని విన్నానమ్మా ఆ రోజు," అంది ఆమె. "పెద్దది అదే కదా, మిగతావి అందులోనే అనుకున్నా. జైల్లో ఉన్న రోజులు పోను ఇంకో నెలే కదా అని చొక్కా కూడా కుట్టిపెట్టాను. చేత్తోనే కుట్టాను. నిన్న జైలుకి పోతే అక్కడి రైటరు ఇంకా నాలుగేళ్ళ పైమాటే అన్నాడు. కాగితంలో అలా ఉందంట. ఆ కాగితం ఒకటి ఇప్పించండి."

టైపక్క ఫైలు తీసి చివరి పేజీ చూసింది. "పై మూడు శిక్షలను ముద్దాయి ఒకదాని తరువాత మరొకటిగా అనుభవించవలెను." అక్షరం తప్పు లేదు. చుక్క తప్పు లేదు. పేజీ అడుగున మూల, కొట్టింది తనేనని తెలిపే రెండు పొడి అక్షరాలు.

"అమ్మా, నాకు చదువు లేదు, ఒక సంగతి అడగనా," అంది తాళాలతని భార్య. "దొంగతనం చేసినవాడు ఆ వస్తువుని ఇంట్లో పెట్టుకోక ఏం చేస్తాడు? దానికి మళ్ళీ వేరే నేరమా?"

ముప్ఫై ఒక్కేళ్ళు తీర్పులు కొట్టిన మనిషికి ఆ మాట ఏనాడూ తట్టలేదు. నకలు రెండు రోజుల్లో ఇస్తానని చెప్పి ఆమెని పంపించి, సొరుగులోంచి షార్ట్‌హ్యాండ్ పుస్తకం తీసింది. గీతలు స్పష్టంగా ఉన్నాయి. చొరబాటు రెండు. దొంగతనం మూడు. సొత్తు రెండు. మిగతాది ఎప్పటిలాగే. అంతే. ఒకదాని తరువాత మరొకటిగా అన్న మాట జడ్జిగారి నోట రాలేదు. అచ్చులోంచి వచ్చింది. అచ్చులోంచి తన వేళ్ళ మీదుగా కాగితం మీదికి దిగి, అక్కడినుంచి జైలు దాకా నడుచుకుంటూ పోయింది.

పుస్తకం పట్టుకెళ్ళి హెడ్ గుమాస్తాకి చూపించింది. ఆయన ఆమెకంటే రెండేళ్ళు చిన్న. చెవిలో సూది తీయకుండానే చదివి నవ్వాడు.

"అక్కా, నువ్వు మాంసం కొట్టుకి పోలేదా ఎప్పుడూ? మేక ఒక్కటే. తల వేరు, కాళ్ళు వేరు, కార్జం వేరు. దేని తూకం దానిదే. మొత్తం మేకకి ఒకే తూకం వేసేవాడు ఎక్కడన్నా ఉన్నాడా?"

"అది చచ్చిన మేక కదా బాబూ," అంది టైపక్క. "ఇతను బతికే ఉన్నాడు."

ఆయన ఆ మాటని చెవికెక్కించుకోలేదు. సూది అడ్డం ఉంది మరి. సంతకం పడిన తీర్పుని ముట్టుకునే హక్కు ఈ కోర్టులో ఎవరికీ లేదనీ, కావలిస్తే పై కోర్టుకి పొమ్మనీ చెప్పాడు. పై కోర్టులో ఇలాంటివాళ్ళ వంతు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుందని ఇద్దరికీ తెలుసు. ఆకలేస్తోందని వచ్చినవాడికి విత్తనాలు చేతిలో పెట్టి పంపినట్టే అది. పైగా ఇన్నేళ్ళుగా అందరికీ ఇదే వాక్యం పోతుంటే వీడికొక్కడికీ మార్చడానికి వీడేమన్నా ఇంటల్లుడా అన్నాడు. అని, సూది తీసి, దాని కొనకి అంటుకున్నదాన్ని తీరిగ్గా చూసుకుని, తాళాలతని ఫైలు అట్టకే రాశాడు.

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది. సూది చూసి కాదు. "అందరికీ" అన్న మాట విని.

ఇంటికి వచ్చేసరికి భర్త ఎప్పటిలా గుమ్మం దగ్గర వేడినీళ్ళ గిన్నె పెట్టి ఉంచాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి. తన కాళ్ళు ముప్ఫై ఏళ్ళు ఎలా లాగేవో గుర్తుంది గనక, రోజంతా కూర్చునే పెళ్ళాం కాళ్ళు వాచడం ఆయనకి తెలుస్తుంది. అత్తగారు పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎనభై దాటినా ఆమె నోటికీ చూపుకీ పదును తగ్గలేదు. కోడలు కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని, పెట్టుకున్నది పెట్టుకున్నట్టే ఉండిపోవడం చూసి, ఏం జరిగిందని అడిగింది. టైపక్క చెప్పింది. విషయం అత్తగారికి అర్థం కాదేమోనని మెల్లగా, విడమరిచి చెప్పింది.

"ఇందులో అర్థంకానిదేముందే," అంది అత్తగారు. "నువ్వు నీ కొడుకుని కొట్టినట్టే కదా."

టైపక్కకి గుర్తొచ్చింది. కొడుక్కి అప్పుడు ఆరేళ్ళు. నీళ్ళకుండ ఎత్తబోయి జారవిడిచాడు. ఆఫీసుకి ఆలస్యమవుతోందన్న కోపంలో ఆమె వాణ్ణి పట్టుకుని, కుండ పగలగొట్టినందుకని ఒకటి వేసింది, నీళ్ళన్నీ ఒలకబోసినందుకని ఇంకొకటి వేసింది, ఇల్లంతా తడిపినందుకని మూడోదానికి చెయ్యెత్తితే అత్తగారు వచ్చి ఆ చెయ్యి పట్టుకుంది. పగిలింది ఒక్క కుండేననీ, కుండ పగిలాక నీళ్ళు ఒలక్కుండా గాల్లో నిలబడతాయా అనీ అడిగింది. ఆ రోజంతా కోడలు ముభావంగా ఉంది. సాయంత్రం వచ్చి వాడికి క్షమాపణ చెప్పుకుంది.

"మరి అన్నిటికీ ఒక్క దెబ్బే అంటారా అత్తయ్యా?"

"ఎందుకంటాను? ఇవాళ మన కుండ, రేపు పక్కింటి కుండ, ఎల్లుండి బళ్ళో కుండ పగలగొట్టొస్తే మూడు దెబ్బలూ వెయ్యి. నీకు చేతకాకపోతే నేను వేస్తాను. ఒక్క కుండకి ఒకటి. అంతకంటే ఏముంది చట్టం?"

ఆ సాయంత్రం టైపక్క ముద్ద కలిపి, నోటి దాకా తెచ్చి, మళ్ళీ కంచంలో పెట్టేసింది. ఆ వేళ్ళతో తినబుద్ధి కాలేదు.

మర్నాడు, ఆ వాక్యం అచ్చులోకి ఎక్కడినుంచి వచ్చిందో వెతకడానికి రికార్డు గది తాళం తీయించుకుంది. ఆ గదిలోకి మామూలుగా ఎవరూ వెళ్ళరు. ఎలుకల ఉచ్చ కంపు, పాత జిగురు కంపు కలిసి ముక్కు పొరల్లో కూర్చుంటాయి. అరల్లో ఫైళ్ళు చెమ్మకి ఉబ్బి ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. లాగితే పైపొర ఊడి కింద ఫైలుతోనే ఉండిపోతోంది. బంట్రోతు నిచ్చెన పట్టుకున్నాడు. దేనికోసమని అడగలేదు. ఆమె తుమ్మినప్పుడల్లా "చల్లగా ఉండక్కా" అంటూ నిలబడ్డాడు.

రెండు గంటలు వెతికాక దొరికింది. పన్నెండేళ్ళ కిందటిది. ఆ వాక్యం మొదటిసారి పుట్టిన తీర్పు. ఒకడు నెల మొదట్లో కన్నతల్లి చెయ్యి విరగ్గొట్టాడు. రెండోవారంలో, అదేమిటని అడిగిన పక్కింటాయన తల పగలగొట్టాడు. నెలాఖరుకి, సాక్ష్యం చెబుతానన్న కూరగాయలామెని బజారులో పడేసి తొక్కాడు. ఆనాటి జడ్జిగారు అర పేజీ కారణాలు చెప్పారు. రోజులు వేరు, మనుషులు వేరు, ప్రతిసారీ ఆగి, ఆలోచించుకుని, మళ్ళీ బయల్దేరిన దుర్మార్గం వేరు, కాబట్టి ఈ శిక్షలు ఒకదాని తరువాత మరొకటిగా అనుభవించవలెను అన్నారు. న్యాయంగా ఉంది. అవి మూడు కుండలు. ఆ అర పేజీ కొట్టింది కూడా తనే.

అచ్చయ్య చేసిందల్లా, అచ్చు తయారుచేసేటప్పుడు ఆ అర పేజీ కత్తిరించేసి కింది వాక్యం ఉంచుకోవడం. పండు పారేసి తొక్క దాచుకున్నాడు. పన్నెండేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఆ తొక్కే పెట్టారు.

పక్క అరలోంచి నాలుగైదు ఫైళ్ళు ఊరికే తీసి చూసింది. ఒకడు బస్టాండులో ఒకణ్ణి చొక్కా పట్టుకుని ఆపి, తిట్టి, చెంప మీద కొట్టాడు. ఆపినందుకు, తిట్టినందుకు, కొట్టినందుకు, మూడు నేరాలు, మూడు శిక్షలు, ఒకదాని తరువాత మరొకటి. చెంపదెబ్బ పడటానికి పట్టేది రెప్పపాటు. ఆ రెప్పపాటుని ముక్కలు కోసి, ముక్కకింత అని ఏళ్ళు వేశారు. ప్రతి పేజీ అడుగునా తన రెండు పొడి అక్షరాలు, ముద్దుగా, తిన్నగా ఉన్నాయి. బయటికి వచ్చి కుళాయి దగ్గర చేతులు కడుక్కుంది. సబ్బుతో రెండోసారి కడుక్కుంది. వాసన చేతులది కాదని తెలిసి కుళాయి కట్టేసింది.

భోజనం వేళకి జడ్జిగారి గదిలోకి వెళ్ళింది. పుస్తకం, తీర్పు, పన్నెండేళ్ళ కిందటి ఫైలు మూడూ ఆయన బల్ల మీద పెట్టింది. ఆయన ఫైలు మీది దుమ్ము చూసి కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకున్నారు.

"ఎప్పటిలాగే అని నేనంటే మీరేం కొడతారమ్మా?"

"అచ్చులో ఉన్నది సార్."

"అచ్చులో ఏముంది?"

చూపించింది. ఆయన చదివారు. కళ్ళజోడు తీశారు గానీ తుడుచుకోలేదు.

"నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఎప్పటిలాగే అంటే పెద్ద శిక్షలో చిన్నవి కలిసిపోయేవి," అన్నారు. "ఇక్కడా అదే అనుకున్నాను."

తరవాత తనంతట తనే వివరించారు. దొంగ తాను దొంగిలించినదాన్నే దగ్గర ఉంచుకుంటే అది వేరే నేరం కాదనీ, దొంగతనంలోనే కలిసిపోతుందనీ, చొరబడింది కూడా ఆ మిషను కోసమే, అదే మధ్యాహ్నం, అదే ఇంట్లో గనక దానికీ విడిగా జైలు ఉండదనీ, న్యాయంగా చూస్తే ఈ మూడింటికీ ఒక్క మూడేళ్ళేననీ చెప్పారు. ఇది కొత్త ఉద్యోగికి కూడా తెలిసిన సంగతేనన్నారు. తెలిసి ఎలా జరిగిందని ఆమె అడగలేదు. ఆయనే చెప్పారు.

"చదవకుండా సంతకం పెట్టాను."

ఆ ఒక్కమాటకి టైపక్క మనసులో ఆయనకి దండం పెట్టుకుంది. ఆ దండం ఎక్కువసేపు నిలవలేదు.

"అయితే ఒక చిక్కుందమ్మా. సంతకం అయిన తీర్పులో నా తప్పు నేను దిద్దుకోవడానికి లేదు. దానికి పై కోర్టే. టైపు పొరపాటైతే దిద్దొచ్చు." ఆయన కాగితాల మీది బరువుబిళ్ళని ఇటునుంచి అటు జరిపారు. "ఈ వాక్యం మీ పొరపాటు వల్ల చేరిందని రాసిస్తే, రేపే దిద్దుతాను."

గదిలో పంకా తిరుగుతోంది. అచ్చు పోసింది ఒకరు, సంతకం పెట్టింది ఒకరు. మధ్యలో ఉన్నది ఈ పది వేళ్ళు. ముప్ఫై ఒక్కేళ్ళలో ఒక్క అక్షరం తప్పు పోని చెయ్యి, తప్పు పోయానని తన చేత్తోనే రాసివ్వాలి. రాయకపోతే తాళాలతను నాలుగేళ్ళు లోపలే ఉంటాడు. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదని ఆమెకి తెలుసు. ఆమె ఆగింది వేరే దానికి. తను తల ఊపబోతోందని ముందే కనిపెట్టి జడ్జిగారి ముఖంలోకి దిగిన నిశ్చింత ఒకటుంది. అప్పుడే కడుపు నిండిన మనిషి ముఖం అది. అది చూడలేకపోయింది.

"రాసిస్తాను సార్," అంది. "ఆ అచ్చు కూడా తీసేయాలి. ఆ చోట ఖాళీ ఉంచుతాను. ప్రతిసారీ మీరే చెప్పాలి, కలపాలో వద్దో, ఎందుకో."

సరేనన్నారు. ఇక ముందువాటికి సరే, వెనకటివాటి సంగతేమిటని అడిగితే, అడిగి వచ్చినవాళ్ళవి చూద్దాం అన్నారు. అడగవచ్చునని తెలియనివాళ్ళు ఎలా అడుగుతారనుకుంటూ ఆమె ఫైళ్ళు తీసుకుని బయటికి వచ్చింది.

దిద్దిన ఉత్తర్వు కూడా టైపక్కే కొట్టింది. "టైపిస్టు అజాగ్రత్త వలన చేరిన వాక్యమును తొలగించి, చిన్న శిక్షలు రెండును మూడేళ్ళ శిక్షలో కలిసిపోవునని సవరించడమైనది." అజాగ్రత్త అన్న మాటని జాగ్రత్తగా, ఒత్తు పోకుండా కొట్టింది. అడుగున మూల తన రెండు పొడి అక్షరాలు పెట్టింది.

నకలు తీసుకోవడానికి తాళాలతని భార్యతో పాటు అతని తల్లి కూడా వచ్చింది. ముసలామెకి ఎవరో ప్లీడరు గుమాస్తా సంగతంతా చెప్పినట్టున్నాడు. కిటికీ ముందు నిలబడి, వరండా అంతా వినబడేలా, నాలుగేళ్ళు ఉత్తినే కలిపేసిన ఆ మహాతల్లి ఎవరో చూడాలని ఉందంది. "వేళ్ళా, రోకళ్ళా అవి?" అని అడిగింది.

"రోకళ్ళే పెద్దమ్మా," అంది టైపక్క, నకలు అందిస్తూ.

కోడలికి అర్థమైంది. కిటికీ ఊచల్లోంచి చెయ్యి లోపలికి పెట్టి ఆ వేళ్ళని ఒక్కసారి పట్టుకుంది. అత్తగారిని మెల్లగా మెట్ల వైపు నడిపించుకుపోయింది. నాలుగు వారాల తరవాత తాళాలతను చేతికుట్టు చొక్కా వేసుకుని ఇంటికి వచ్చాడని బంట్రోతు ద్వారా తెలిసింది. గొడుగు మళ్ళీ వేశాడట. జనం తాళాలు అతనికి ఇవ్వడానికి ఇంకా జంకుతున్నారట. అందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

ఆ నెలలోనే టైపక్కకి మెమోలు వచ్చాయి. ఒకటి కాదు, మూడు. తీర్పులో లేని వాక్యం చేర్చినందుకు ఒకటి. అలా చేర్చిన కాగితాన్ని పై అధికారికి చెప్పకుండా సంతకానికి పెట్టినందుకు ఒకటి. ఆ తప్పు కాగితం రికార్డులో ఉండనిచ్చినందుకు ఒకటి. మూడింటికీ వేర్వేరుగా సంజాయిషీ ఇవ్వాలి. మూడింటికీ వేర్వేరుగా చర్య ఉంటుంది. మొదటిదానికి హెచ్చరిక, రెండోదానికి రికార్డు గదికి బదిలీ, మూడోదానికి ఏం చేసేదీ తరవాత తెలియజేస్తారు. మెమోలు తయారుచేసింది హెడ్ గుమాస్తా. వాటికీ ఒక అచ్చుంది.

ఇంట్లో చదివి వినిపిస్తే అత్తగారు ఈనె తీస్తున్న చిక్కుడుకాయ చేతిలోంచి జారిపోయేదాకా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, "కుండ ఒక్కటే కదే" అంది. ఆ తరవాత నవ్వలేదు. కోడలి కుడిచెయ్యి తీసుకుని, తన ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ మెటికలు విరిచింది.

మర్నాడు టైపక్క ఒక్క కాగితం కొట్టింది. "మూడు మెమోలలోనూ ఉన్నది ఒక్క వాక్యమే. అది కొట్టింది నేనే. కొట్టినది సంతకానికి పోక తప్పదు, సంతకమైనది రికార్డులో చేరక తప్పదు. కనుక మూడింటికీ ఇదే నా సంజాయిషీ. రికార్డు గదికి పంపండి, వెళ్తాను. మిగతా రెండు చర్యలూ అందులోనే కలపవలసిందిగా కోరుతున్నాను." మూడు మెమోలనూ ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన ఆ కాగితం పెట్టి, తన డబ్బాలోంచి కొత్త సూది తీసి, నాలుగింటికీ కలిపి ఒక్కటే గుచ్చింది.

హెడ్ గుమాస్తా దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "మూడింటికీ కలిపి ఒక్క సంజాయిషీకి మన దగ్గర అచ్చు లేదక్కా."

"చేసుకో బాబూ," అంది. "ఈసారి పైన ఉన్న కారణాలు కత్తిరించకు."

ఆయన సూది కోసం సొరుగు వెతుక్కున్నాడు.

రికార్డు గదిలో కిటికీ ఒకటే. దాని కింద బంట్రోతు తన స్టూలు వేసి ఉంచాడు. మూలలు ఊడ్చి, ఎలుకల కన్నాల్లో గాజుపెంకులు కూరి, బల్ల మీద నీళ్ళ సీసా పెట్టి పోయాడు. టైపక్క కూర్చుని, మీటలు లేవు గనక బల్ల మీదే అరచేతులు ఆనించి, కళ్ళు మూసుకుంది. ఎప్పుడూ అనుకునే మాట అనబోయి ఆగింది. ఈ వేళ్ళు నీవి అని ఇన్నాళ్ళూ దేవుడి మీద పెట్టి తను చూడకుండా కొట్టింది. "ఈ వేళ్ళు నావే స్వామీ, చూసుకుని వాడతాను" అనుకుంది.

పన్నెండేళ్ళ ఫైళ్ళున్నాయి, ఉద్యోగం ఇంకా పదమూడు నెలలుంది. ఒక్క కుండవి ఈ పక్కన, మూడు కుండలవి ఆ పక్కన. ఒక్క కుండవి తేలిన ఇళ్ళన్నిటికీ, మీరు అడగవచ్చు అని ఉత్తరం రాయాలి. అంతవరకే తన చేతిలో ఉంది.

మొదట చెంపదెబ్బ ఫైలు తీసింది. చిరునామా కోసం చివరి దాకా తిప్పితే, ఆఖరున జైలు నుంచి వచ్చిన చీటీ ఉంది. మూడు శిక్షలూ ఒకదాని తరువాత మరొకటిగా పూర్తిగా అనుభవించాడు. కిందటి ఏడు విడుదలై వెళ్ళిపోయాడు. ఇక దిద్దడానికేమీ లేదు. అయినా ఏ పక్కన పెట్టాలో ఆ పక్కనే పెట్టాలి గనక, ఒక్క కుండ వైపు పెట్టబోయింది. కాగితాలకి, తన చెయ్యి దాటాక రికార్డుకి పంపేటప్పుడు అచ్చయ్య గుచ్చిన పాత సూది అలాగే ఉంది, కొనకి నల్లగా ఏదో గడ్డకట్టి, తుప్పు పట్టి. గుడ్డముక్కతో పట్టి లాగింది. కదల్లేదు. గట్టిగా లాగితే, తీర్పు మీది సంతకం ఉన్న మూల చినిగి, సూదితో పాటు ఊడి వచ్చింది.

ఆమె దాన్ని కాసేపు గుడ్డలో పట్టుకుని చూసింది. తరవాత రెండో ఫైలు తీసింది.